నాన్న జీవితం రాయడం ఎలా: డిశ్చార్జి బుక్కు, చిట్టా, లాగ్‌బుక్కు

నాన్న పోయిన ఎనిమిదో రోజున తమ్ముడు నా ముందు ఒక తెల్లకాగితం పెట్టాడు. "పెద్దకర్మ రోజున చదవడానికి నాలుగు ముక్కలు రాయక్కా" అన్నాడు. రాశాను. మృదుస్వభావి, అజాతశత్రువు, క్రమశిక్షణకు మారుపేరు. తమ్ముడు చదివి, "ఇదంతా పక్కవీధి మాస్టారి ఫ్లెక్సీ మీద కూడా ఉంది కదా" అన్నాడు. నిజమే. పైగా నాన్న అజాతశత్రువేమీ కాదు. మేడ మీంచి కొబ్బరిచెట్టుకి కట్టిన యాంటెన్నా తీగ గొడవలో పక్కింటాయనతో ఇరవై ఏళ్లు మాటల్లేవు.

ఆ రోజుకి ఆ కాగితంతోనే కానిచ్చేశాం. కానీ అది గుచ్చుతూనే ఉంది. సంవత్సరీకం లోపు నలభై నాలుగు పేజీల చిన్న పుస్తకం చేశాను. అందులో నేను చేసిన తప్పులూ, పనికొచ్చిన పద్ధతులూ ఇక్కడ రాస్తున్నాను. మా నాన్న 1963లో, చైనా యుద్ధం అయిన మరుసటి ఏడు, ఆర్మీ సిగ్నల్స్‌లో, అంటే సైన్యంలో కబుర్లు చేరవేసే విభాగంలో చేరారు. పదిహేనేళ్లు చేసి హవల్దారుగా బయటికొచ్చి, కరెస్పాండెన్స్‌లో బీకాం కట్టి, కాకినాడ దగ్గర ఒక రైస్ మిల్లులో 2006 దాకా అకౌంటెంటుగా పనిచేశారు. మిగిలిన టైమంతా హామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని ఇంట్లోంచే సొంత రేడియో సెట్‌తో దూరదేశాల వాళ్లతో మాట్లాడే హాబీ. మీ ఇంట్లో మనిషికి రేడియో బదులు స్టాంపులో, గులాబీ అంట్లో, చదరంగమో ఉండొచ్చు. పద్ధతి అదే. ఇలాంటివాళ్ల గురించి రాయడం ఒకందుకు సులువు. మిలిటరీ, లెక్కలు, హాబీ, మూడూ కాగితం పుట్టించే పనులే. వాళ్లు నోరు విప్పకపోయినా కాగితాలు చెప్తాయి.

ముందు గదికి తాళం వేయండి

పెద్దకర్మ అయ్యాక చుట్టాలు ఇల్లు సర్దడం మొదలుపెడతారు. మంచి మనసుతోనే. మా పెద్దమ్మ కొడుకు మేడగదిలో దుమ్ము పట్టిన పుస్తకాల కట్టలు చూసి పాత పేపర్లవాడికి వేసేశాడు. రేడియోలో ఎవరితో ఎప్పుడు మాట్లాడారో నాన్న రాసుకున్న 1984, 85 సంవత్సరాల లాగ్‌బుక్కులు కిలోల్లెక్కన వెళ్లిపోయాయి. ఆ రెండేళ్లు నా పుస్తకంలో ఇప్పటికీ ఖాళీ. కాబట్టి ఆయన గదికి తాళం వేసి, తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి. మూడు నెలలపాటు సినిమా టిక్కెట్టు ముక్క కూడా పారేయొద్దు.

హామ్ రేడియో ఉన్న ఇల్లయితే ఇంకో జాగ్రత్త. నాన్న సొంతంగా కట్టుకున్న ట్రాన్స్‌మిటర్‌లో 807 వాల్వు ఉండేది. అలాంటి పెట్టెలు ప్లగ్ పీకేశాక కూడా లోపల కెపాసిటర్లలో వందల వోల్టులు నిలబెట్టుకుంటాయి. మూత తీయొద్దు, పిల్లల్ని ముట్టుకోనివ్వద్దు. సెట్ ఆన్ చేసి మైకు బటన్ నొక్కి "హలో" అనడమూ కుదరదు. లైసెన్సు మనిషికి ఇచ్చేది, ఇంటికి కాదు. దగ్గర్లో లైసెన్సున్న హామ్ ఎవరైనా ఉంటే వాళ్లకి కబురు చేయండి. చనిపోయిన హామ్‌ని వాళ్లు "సైలెంట్ కీ" అంటారు. మోర్స్ కొట్టే మీట ఇక చప్పుడు చేయదని అర్థం. మేం ఒక్కరికే చెప్పాం. సాయంత్రానికి ఏ ఊళ్ల నుంచో తెలియని వాళ్లంతా ఫోన్లు చేశారు. ఒకాయనైతే నాన్న పేరు కూడా అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. ముప్పై ఏళ్లుగా ఆయనకి నాన్న అంటే వీయూ2తో మొదలయ్యే ఆరు అక్షరాల కాల్‌సైనే, అంటే రేడియోలో పిలుచుకునే గుర్తే.

ట్రంకుపెట్టె

మిలిటరీ మనిషి ఇంట్లో నల్ల ట్రంకుపెట్టె ఒకటి ఉంటుంది. మూత మీద తెల్ల పెయింటుతో నంబరూ, పేరూ. ఆ నంబరు ముందు రాసుకోండి, మిగతా అన్నిటికీ అదే తాళంచెవి. పెట్టెలో వెతకాల్సింది డిశ్చార్జి బుక్కు. ఎప్పుడు చేరారు, ఎప్పుడు వచ్చేశారు, ఏ ట్రేడు, ఏ ర్యాంకు, ఏ పతకాలు, ఇంగ్లీషులో పొడి పొడిగా ఉంటాయి. దాంతోపాటు పెన్షన్ ఆర్డర్ కాగితం. రెండూ దొరక్కపోతే ఆ నంబరుతో రికార్డు ఆఫీసుకి రాయొచ్చు. సిగ్నల్స్‌వాళ్లది జబల్‌పూర్‌లో ఉంది. ఎలా రాయాలో తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. అమ్మ ఫ్యామిలీ పెన్షన్ పనికి ఎలాగూ వెళ్లాలి, అదే ట్రిప్పులో ఇదీ అయిపోతుంది.

పతకాల్ని తోమి మెరిపించకండి. అంచు మీద గానీ వెనక గానీ నంబరూ పేరూ చెక్కి ఉంటాయి, భూతద్దం పెట్టి చదవండి. రిబ్బన్లు కూడా మాట్లాడతాయి. మా మేనత్త నా చిన్నప్పట్నుంచీ ఒకటే కథ చెప్పేది: "మీ నాన్న ఢాకాలో పాకిస్తానోళ్లు లొంగిపోయినప్పుడు అక్కడే ఉన్నాడే అమ్మాయ్." ఊరంతా ఆ కథే నమ్మింది, నేనూ స్కూల్లో చెప్పుకున్నాను. పెట్టెలో ఉన్నది పశ్చిమీ స్టార్. 1971 యుద్ధంలో తూర్పు వైపు పనిచేసినవాళ్లకి ఇచ్చింది పూర్వీ స్టార్, పడమటి వైపువాళ్లకి పశ్చిమీ స్టార్. నాన్న ఉన్నది రాజస్థాన్ వైపు, బాడ్మేర్ ఇసకలో. డిసెంబర్ 16న ఢాకాలో సంతకాలు అవుతుంటే ఆయన అక్కడికి రెండువేల కిలోమీటర్ల అవతల చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నారు.

అత్తకి ఈ మాట చెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది. పుస్తకంలో ఢాకా తీసేశాను. దాని బదులు నాన్న ఒకే ఒక్కసారి, అదీ కరెంటు పోయిన రాత్రి, చెప్పింది పెట్టాను. పడమట కాల్పుల విరమణ 17వ తేదీ రాత్రి 8 గంటలకి. ఎనిమిది దాటాక సెట్ మీద మామూలుగా వినపడే గోల తగ్గిపోయిందట. "అంత నిశ్శబ్దంలో నిద్రపట్టలేదు" అన్నారు. ఢాకా కంటే ఇదే బాగుంది. బాగుందని కాదు, ఇది ఆయనది.

గ్రూపు ఫోటోలు దొరికితే టోపీ మీద బ్యాడ్జీ చూడండి. ఒంటికాలి మీద నిలబడి ఎగురుతున్నట్టున్న బొమ్మ ఉంటే సిగ్నల్స్. వాళ్లు దాన్ని జిమ్మీ అంటారు. ఫోటో వెనక పేర్లుంటే ముందు వాటినే ఫోన్‌తో తీసుకోండి. జిగురు పేజీల ఆల్బంలోంచి ఫోటోలు పీకొద్దు, అట్టతో సహా స్కాన్ చేయించండి.

తొమ్మిదితో పోతే

ఇది నాన్న వృత్తిలోంచి నేర్చుకున్న కిటుకు, నా పుస్తకంలో సగం తేదీల్ని ఇదే బాగుచేసింది.

మిల్లులో ఆయన దగ్గర పని నేర్చుకున్న గుమస్తా చెప్పాడు. ఒక ఏడాది ట్రయల్ బ్యాలెన్స్‌లో, అంటే రెండు వైపుల మొత్తాలూ సరిపోవాల్సిన పట్టీలో, 27 రూపాయల తేడా. ఇద్దరు కుర్రాళ్లు రెండ్రోజులు చిట్టా (రోజువారీ పద్దు), ఆవర్జా (ఖాతాల పుస్తకం) పక్కపక్కన పెట్టుకుని పద్దు పద్దూ వెతికారు. నాన్న సెలవు నుంచి వచ్చి, చెప్పులు విడవకుండానే "ఎంత తేడా?" అని అడిగి, "తొమ్మిదితో పోతుంది. అంకెలు తారుమారయ్యాయి, కూడిక తప్పు కాదు" అన్నారు. చిట్టాలో 1,447, ఆవర్జాలో 1,474. అరగంటలో దొరికింది. పక్కపక్క అంకెలు రెండూ అటూ ఇటూ అయితే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగించబడుతుంది, కావాలంటే చేసి చూడండి.

మా ఆల్బంలో లేహ్‌లో మంచు మీద నాన్న నిలబడ్డ ఫోటో ఉంది. కింద అత్త చేతిరాతతో 1976. డిశ్చార్జి బుక్కు ప్రకారం లేహ్ పోస్టింగ్ 1967. ఏది నమ్మాలో తేలక వారం తలపట్టుకున్నాను. తీసేస్తే తేడా తొమ్మిది! నాన్నయితే ఒక్క చూపుతో చెప్పేసేవారు. అత్తకి కథ తెలుసు, సంవత్సరంలో అంకెలు మాత్రం అటూ ఇటూ అయ్యాయి. అప్పట్నుంచి ఎవరు ఏ తేదీ చెప్పినా కాగితంతో పోల్చి తేడా తీస్తున్నాను. తొమ్మిదులొస్తే మనిషి అబద్ధం చెప్పట్లేదు, చేయి జారిందంతే. రెండో మూడో వస్తే జ్ఞాపకం జారింది. పదిహేనేళ్లు వస్తే అది వేరేవాళ్ల కథ.

అకౌంటెంటు ఇంట్లో దొరికే అసలు నిధి ఇంటి పద్దుల పుస్తకం. మిల్లు లెక్కల జోలికి మనం వెళ్లకూడదు, అవి యజమానివి. ఇంటి పద్దులు మనవే. మా ఇంట్లో 1979 నుంచి అన్నీ ఉన్నాయి, ఆకుపచ్చ గుడ్డ అట్టవి. బియ్యం, పాలు, నా స్కూలు ఫీజు, తమ్ముడి గజ్జి మందు. వీటిని మొదటి నుంచి చివరిదాకా చదవాలనుకుంటే మధ్యలోనే వదిలేస్తారు. ఏడాదికి ఒక నెల తీసుకోండి. నేను జూన్ తీసుకున్నాను, బడులు తెరిచే నెల, డబ్బుకి ఇబ్బందిపడే నెల. నలభై జూన్‌లు వరసగా చదివితే మా ఇంటి చరిత్ర మొత్తం కనపడింది. 1983 నుంచి "చిల్లర ఖర్చులు" అనే పద్దు ఉన్నట్టుండి పెరిగింది. ఆ ఏడే ఆయనకి హామ్ లైసెన్సు వచ్చింది. అమ్మని అడిగితే, "నాకు తెలీదనుకున్నారా? రాగితీగ చుట్టలు చిల్లర ఖర్చెలా అవుతుంది" అంది. ఈ వాక్యం పుస్తకంలో యథాతథంగా పెట్టాను.

లాగ్‌బుక్కు చదవడం

హామ్‌లు మాట్లాడిన ప్రతి మాటామంతీకీ లాగ్‌లో ఒక గీత ఉంటుంది: తేదీ, టైము, అవతలి స్టేషను కాల్‌సైన్, ఫ్రీక్వెన్సీ, సిగ్నల్ ఎలా వినపడిందో రెండు మూడంకెల్లో, చివర రిమార్కులు. మాట్లాడినట్టు రుజువుగా అవతలివాళ్ల నుంచి ఉత్తరాల్లా వచ్చే క్యూఎస్ఎల్ కార్డుల మీద కూడా ఇవే గడులు. కార్డుని లాగ్‌తో పోల్చుకోవచ్చు, వోచరుని చిట్టాతో పోల్చినట్టే. నాన్నకి ఈ హాబీ ఎందుకు నచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది.

నేను పడ్డ గోతిలో మీరు పడకండి. 2003లో అమ్మకి ఆపరేషన్. ఆ రాత్రంతా ఆసుపత్రి వరండాలో కూర్చున్నానని నాన్న చెప్పారు. లాగ్‌లో ఆ తేదీన 0140కి జపాన్ స్టేషనుతో మాట్లాడినట్టు ఉంది. అర్ధరాత్రి ఒంటిగంట నలభైకి! ఆ పేజీ మూసేసి నాలుగు రోజులు పుస్తకం ముట్టుకోలేదు. చచ్చిపోయిన మనిషి మీద కోపం వస్తే ఎవరితో చెప్పుకుంటాం? తర్వాత రాజమండ్రి నుంచి ఒక హామ్ పెద్దాయన వచ్చినప్పుడు చూపిస్తే నవ్వి, "అమ్మా, లాగ్‌లో టైము ఎప్పుడూ యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే టైములో రాస్తాం. అయిదున్నర గంటలు కలుపుకో" అన్నారు. పొద్దున 7:10. ఆసుపత్రి నుంచి స్నానానికి ఇంటికొచ్చి, ఫ్లాస్కులో కాఫీ పట్టించుకునేలోపు మేడెక్కి పది నిమిషాలు సెట్ పెట్టుకున్నారన్నమాట. రిమార్కుల గడిలో "వైఫ్ ఓకే" అని ఉంది. జపానాయనకి మా అందరికంటే ముందు తెలిసింది.

రెండో గొయ్యి: గీతలు తక్కువున్న నెలలు చూసి దిగులుపడటం. 1989, 90ల్లో 28 మెగాహెర్ట్జ్ మీద పేజీలకి పేజీలు. 1996 వచ్చేసరికి ఆ బ్యాండులో ఒక్క గీత కూడా లేదు. ఆ ఏడు నాన్నకి ఏమైంది, అప్పులా, ఆరోగ్యమా అని నేను ఓ అధ్యాయం ఊహించి రాసేశాను కూడా. ఏమీ కాలేదు. సూర్యుడి మీద మచ్చలు దాదాపు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతాయి. మచ్చలు ఎక్కువున్న ఏళ్లలో ఆ బ్యాండు ప్రపంచమంతా వినపడుతుంది, తక్కువున్న ఏళ్లలో మూగబోతుంది. 1996 అట్టడుగు. అది చాలదన్నట్టు ఆ నవంబర్ 6 రాత్రి తుఫాను మా వైపు కొబ్బరిచెట్లన్నీ పడగొట్టింది, ఇరవై మీటర్ల డైపోల్ యాంటెన్నా తీగతో సహా. ఆ అధ్యాయం చింపేశాను. వాళ్ల హాబీ ఎలా పనిచేస్తుందో కొంచెమైనా నేర్చుకోకుండా వాళ్ల మౌనానికి అర్థాలు చెప్పకూడదు. స్టాంపులవాళ్లయినా, గులాబీలవాళ్లయినా వాళ్లకీ సీజన్లుంటాయి.

ఇంకోటి కూడా కనపడింది. ప్రతి ఏడాదీ మార్చి రెండోవారం నుంచి ఏప్రిల్ మొదటివారం దాకా లాగ్ ఖాళీ. మిల్లులో సంవత్సరాంతం లెక్కలు. రెండు పుస్తకాలు పక్కపక్కన పెడితే తప్ప ఇది తెలియదు.

కొన్ని గీతల వెనక ఎంత ఉందో బయటివాళ్లు చెప్తే గానీ తెలియదు. 2004 డిసెంబర్‌లో వీయూ4ఆర్‌బీఐ అని ఒక గీత ఉంది, పక్కన రెండు ఆశ్చర్యార్థకాలు. నాన్న ఆశ్చర్యార్థకం పెట్టే మనిషి కాదు. భారతీ ప్రసాద్ గారి బృందం అండమాన్ వెళ్లి అక్కణ్నుంచి ఆ కాల్‌సైన్‌తో రేడియో నడిపిన రోజులవి. నెలాఖర్న 26వ తేదీన సునామీ వచ్చి ఫోన్లు తెగిపోతే ఆ బృందమే అక్కణ్నుంచి కబుర్లు చేరవేసింది. అలాంటి గీతలు నాలుగైదు ఏరుకుని, ఒక్కోదానికి అరపేజీ ఇవ్వండి. మిగతా వేల గీతలకి ఒక్క అంకె చాలు.

మనుషుల్ని అడగడం

"మా నాన్న ఎలాంటివారు?" అని అడగకండి. అడిగితే మళ్లీ మృదుస్వభావే వస్తుంది. వస్తువుల గురించి అడగండి. శ్రీకాకుళంలో ఉండే ఆయన మిలిటరీ స్నేహితుడికి ఫోన్ చేసి, "బాబాయిగారూ, లంగర్‌లో నాన్న అన్నం ఎలా తెచ్చుకునేవారు?" అని అడిగాను. లంగర్ అంటే జవాన్ల వంటశాల. అంతే, నలభై నిమిషాలు మాట్లాడారు. మొదటి ఆరు నెలలూ రొట్టెలు మింగుడుపడక ఏడ్చారట. ఇంటి నుంచి వచ్చిన గోంగూర పచ్చడి సీసాని ట్రంకుపెట్టెలో పెట్టి, రోజుకి ఒక్క చెంచా చొప్పున ఎన్ని రోజులొస్తుందో కాగితం మీద లెక్క రాసి మూతకి అంటించుకున్నారట. అకౌంటెంటు అప్పుడే పుట్టాడు, మాకే తెలియదు.

ఫోన్‌లో రికార్డు పెట్టుకునేముందు అడిగి పెట్టుకోండి. పెద్దవాళ్లని పొద్దున పూట పిలవండి, సాయంత్రానికి అలిసిపోతారు. ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరికి చెప్పి "నిజమేనా" అనకండి. చుట్టరికాలు చెడతాయి.

సస్పెన్సులో ఉంచాల్సినవి

లెక్క ఎక్కడ చెందుతుందో తేలకపోతే అకౌంటెంటు ఊహించి ఎక్కడో అక్కడ రాసేయడు. సస్పెన్స్ ఖాతాలో పెడతాడు. నేనూ ఒక నోటుబుక్కుకి ఆ పేరే పెట్టాను.

అందులో మూడు పద్దులున్నాయి. మూడోది పెద్దది. ఇంటి పద్దుల్లో 1979 నుంచి 1991 వరకూ ప్రతి నెలా మొదటివారంలో "ర.ఇ. మనియార్డరు, 25". మాకు ఫీజులు కట్టలేక అవస్థపడ్డ జూన్‌లలో కూడా తప్పలేదు. ర.ఇ. ఎవరు? పెద్దమ్మ ఒక కథ చెప్పింది, తమ్ముడు ఇంకో కథ అల్లాడు. రెండూ నమ్మదగ్గట్టే ఉన్నాయి, అందుకే రెండూ రాయలేదు. అమ్మని అడిగాను. చాలాసేపు చీర చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుని, "ఆయనకి చెప్పాలనుంటే పేరు పూర్తిగా రాసేవారు కదా" అంది. పుస్తకంలో ఆ పద్దు వేయలేదు. మీకూ ఇలాంటిది దొరుకుతుంది. ఇంట్లో బతికున్న మనిషికి ఇష్టం లేనిది అచ్చు వేయొద్దు.

అచ్చు

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకమైతే పేజీల సంఖ్య నాలుగుతో పోవాలి, డీటీపీ కుర్రాడు ఈ మాట ఆఖర్న చెప్తాడు. నూట యాభై కాపీలు మాకు సరిపోయాయి. అట్ట మీద దండ వేసిన ఫోటో పెట్టొద్దని పట్టుబట్టాను. బనియనుతో, హెడ్‌ఫోన్లతో, కళ్లద్దాలు ముక్కు చివరికి జారిన ఫోటో వేశాం. అక్షరదోషాలు దిద్దడానికి ఆయన్ని ఎరగని మనిషికి ఇవ్వండి, మనకి కన్నీళ్లడ్డం పడి తప్పులు కనపడవు.

మాకు నలభై మూడు పేజీలే వచ్చాయి. మిగిలిన ఒక్క పేజీలో గీతాశ్లోకం వేద్దామన్నాడు తమ్ముడు. నేను లాగ్‌బుక్కులో ఆఖరి పేజీ ఫోటో వేయించాను. 2022 జనవరి, 0212, అంటే పొద్దున ఏడూ నలభై రెండు, 7 మెగాహెర్ట్జ్, అవతల బెంగళూరు స్టేషను. రిమార్కుల గడిలో "కరెంటు పోయింది. మళ్లీ పిలవాలి" అని ఉంది.